జర్మనీకి ఎంఎస్‌కి వెళ్తున్న మా అక్క కొడుక్కి

చిన్నా,

మన డిగ్రీ కాగితాలు అసలువేనని చూసిచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ వచ్చేసింది, ఏడాది ఖర్చులకని ముందే వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్‌కి 11,904 యూరోలు నాన్న రెడీ చేశారు, రెండు అడ్మిట్లు కూడా వచ్చాయి, ఇంక టెన్షన్ లేదు పిన్నీ అన్నావు మొన్న ఫోన్‌లో. అవన్నీ ఇక్కడికి రావడానికి కావాల్సిన కాగితాలు నాన్నా, వచ్చాక చదువు ఎలా నడుస్తుందో అది వేరే కథ, అది మీ కన్సల్టెన్సీ వాడు చెప్పడు, వాడి పని వీసా స్టాంప్ పడేదాకానే. పెద్ద మెసేజ్ అని స్కిప్ చేయకుండా చదువు.

ఇక్కడ నీ వెంట ఎవ్వరూ పడరు. మన జేఎన్‌టీయూ కాలేజీల్లో అయితే అటెండెన్స్ 75 శాతం దాటాలి, తగ్గితే కండోనేషన్ ఫీజు, మధ్యలో మిడ్స్, ఇంటర్నల్స్, ఏదో ఒకటి నెత్తిమీద ఉంటూనే ఉంటుంది కదా. ఇక్కడ చాలా లెక్చర్లకి అటెండెన్సే తీసుకోరు. అక్టోబర్‌లో క్లాసులు మొదలైతే చాలా సబ్జెక్టులకి ఫిబ్రవరిలో ఒకటే పరీక్ష, మొత్తం మార్కులు దాంట్లోనే. మనవాళ్లు కొందరు డిసెంబర్ దాకా పార్ట్ టైమ్ జాబు, క్రిస్మస్ మార్కెట్లు అని తిరిగేసి జనవరిలో స్లైడ్లు తెరుస్తారు, ఇంటర్నల్స్ మార్కులు ఆదుకోవడానికి ఇక్కడ ఇంటర్నల్సే లేవాయె.

క్రెడిట్ల లెక్క కూడా అర్థం చేసుకో. మాస్టర్స్ మామూలుగా 120 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30, ఒక్కో క్రెడిట్ అంటే దాదాపు 30 గంటల పని అని లెక్క. అంటే 6 క్రెడిట్ల సబ్జెక్టుకి 180 గంటలు, అందులో క్లాసులో కూర్చునేది అరవై గంటలు కూడా ఉండొచ్చు ఉండకపోవచ్చు, మిగతాదంతా నువ్వు ఇంట్లోనో లైబ్రరీలోనో సొంతంగా చదవాల్సిందే. వారానికి 20 గంటల జాబు ఒప్పుకునే ముందు ఈ లెక్క వేసుకో.

ఇప్పుడు అసలు సంగతి, పరీక్షలు. కోర్సులో పేరు ఉన్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు, పోర్టల్‌లో పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, దానికో లాస్ట్ డేట్ ఉంటుంది, అది దాటితే ఎంత బతిమాలినా చాలా చోట్ల వినరు. రిజిస్టర్ చేసుకుని ప్రిపేర్ కాలేదనుకో, గడువు లోపల విత్‌డ్రా చేసుకో. ఊరికే వెళ్లకుండా కూర్చుంటే డాక్టర్ సర్టిఫికెట్ లేకపోతే 5.0 పడుతుంది, అంటే ఫెయిల్. అవును ఇక్కడ మార్కులు తలకిందులు, 1.0 టాప్, 4.0 పాస్. మన సీజీపీఏ కూడా ఒక ఫార్ములాతో అలాగే మారుస్తారు, 10కి 7.5 ఉండి పాస్ మార్కు 5 అనుకుంటే 2.5 వస్తుంది.

సప్లీ రాసుకుంటూ పోవచ్చులే అనే ఆలోచన మాత్రం శంషాబాద్‌లోనే వదిలేసి రా. చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకి మూడే ఛాన్సులు. మూడోది కూడా పోతే కోర్సులోంచి పేరు తీసేస్తారు, అదే కోర్సు జర్మనీలో ఇంకో చోట చేరదామన్నా సాధారణంగా కుదరదు, పైగా నీ రెసిడెన్స్ పర్మిట్ చదువు మీద ఆధారపడినదే, ఇంక చూసుకో. ఎన్ని ఛాన్సులు, విత్‌డ్రా ఎప్పటిదాకా, థీసిస్‌కి ఎన్ని క్రెడిట్లు కావాలి, అన్నీ ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్, అంటే పరీక్షల రూల్స్, అనే పీడీఎఫ్‌లో ఉంటాయి, ఒక్కో కోర్సుకి ఒక్కోటి. సీనియర్లు వాట్సాప్ గ్రూప్‌లో చెప్పేది వాళ్ల కోర్సుది, నీది కాదు. ఫెయిల్ అయినా తక్కువ వచ్చినా పేపర్ చూపించే రోజు ఒకటి పెడతారు, సిగ్గుపడకుండా వెళ్లు, తప్పు ఎక్కడో తెలుస్తుంది, ఒక్కోసారి టోటలింగ్‌లో మార్కులు కూడా దొరుకుతాయి.

యూనివర్సిటీయా, ప్రాక్టికల్‌గా జాబుకి తగ్గట్టు నేర్పే హోఖ్‌షూలేనా అని అడిగావు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే యూనివర్సిటీ, తొందరగా జాబు కావాలంటే హోఖ్‌షూలే నాకు నచ్చుతుంది, అక్కడి ప్రొఫెసర్లు కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్లే, పేరు చిన్నదని మీ ఫ్రెండ్స్ ఏమన్నా పట్టించుకోకు. నీ రెండో అడ్మిట్ బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలోది కదా, అక్కడ మనలాంటి బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు ఉంది, నాన్నకి చెప్పావా? గవర్నమెంట్‌వి అన్నీ ఫ్రీ అనుకుంటున్నారు ఆయన.

ఇంకోటి, 10 సి.టి. అని రాసి ఉంటే క్లాసు పదింపావుకి అన్నమాట, పదికే వెళ్లి ఖాళీ రూములో కంగారు పడకు. పరీక్షల డేట్లు రాకుండా ఇంటికి టికెట్ బుక్ చేయకు, అక్క ఎంత ఏడ్చినా సరే. డిపార్ట్‌మెంట్‌లో ఫాఖ్‌షాఫ్ట్ అని స్టూడెంట్ల సంఘం ఉంటుంది, చాలా చోట్ల పాత పేపర్లు వాళ్ల దగ్గరే దొరుకుతాయి, మొదటి నెలలోనే వెళ్లి పరిచయం చేసుకో.

రెండు అడ్మిట్ల పీడీఎఫ్‌లూ నాకు పంపు, జర్మన్‌లో ఉన్నా పర్లేదు, ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుని చదువుదాం.

పిన్ని