చెంచా పడేస్తే పడెయ్యనీ

చిట్టీ,

రాత్రి నువ్వు పంపిన లిస్టు చూశాను. తెలివి పెంచే బ్లాకులు, నలుపు తెలుపు బొమ్మల కార్డులు, ఏడాది పిల్లలకట, ఏదో ఆన్‌లైన్ క్లాసు. చివర్న ‘పెద్దమ్మా, వీటిలో ఏది కొనను? మెదడంతా ఐదేళ్లలోపే తయారైపోతుందట కదా, నేను ఆలస్యం చేస్తున్నానేమో’ అని రాశావు. ముప్పయ్యేళ్లు ప్లేస్కూల్లో పిల్లల ముక్కులు తుడిచినదాన్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని నీ నమ్మకం.

ఏదీ కొనకు. ఆ కార్డులైతే అసలే వద్దు, అవి ఇంకా చూపు కుదరని నెలల పసికందులకి. నీ కొడుక్కి పద్నాలుగు నెలలు. నేల మీద పాకే చీమని నీకంటే ముందు వాడే కనిపెడుతున్నాడు.

ఐదేళ్ల మాట సగమే నిజం. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు ఉంటుంది. రెండేళ్లకి ముప్పావు వంతుకు చేరుతుంది, ఆరేళ్లు వచ్చేసరికి దాదాపు 90 శాతం. భయం అక్కడే పుట్టింది. కానీ అది సైజు మాత్రమే, లోపలి పని అప్పటికి బోలెడు మిగిలి ఉంటుంది. కోపం ఆపుకోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ముందూ వెనకా చూసుకోవడం లాంటివన్నీ చేసేది నుదుటి వెనకున్న భాగం. అది పాతికేళ్ల దాకా పదునెక్కుతూనే ఉంటుంది. ఐదో పుట్టినరోజు దాటితే అంతా అయిపోయినట్టు కాదు.

అలాగని ఈ మొదటి ఏళ్లు మామూలువీ కావు. మెదడు కణాల మధ్య కొత్త లింకులు ఇప్పుడు సెకనుకి పది లక్షలకు పైగా పుడుతుంటాయని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసేవాళ్లు చెబుతారు. అవసరానికి మించి పుట్టించుకోవడం, వాడనివాటిని తర్వాత తీసేసుకోవడం, ఇదీ మెదడు పద్ధతి. నలుగురూ నడిచినచోట గడ్డిలో బాట పడుతుంది, నడవనిచోట గడ్డి మళ్లీ కమ్మేస్తుంది. బొమ్మ ఎంత ఖరీదైనదైతే బాట అంత గట్టిగా పడుతుందనుకోకు. వాడు ఒకటి చేస్తే అవతలి మనిషి నుంచి ఏదో ఒక జవాబు రావాలి, దానికి వాడు మళ్లీ ఇంకోటి చెయ్యాలి. బాట వేసేది ఈ రాకపోకలే.

పోయిన నెల మీ ఇంట్లో చూసింది చెబుతాను. వాడు ఎత్తు కుర్చీలో కూర్చుని చెంచా కింద పడేస్తున్నాడు, నువ్వు తీసిస్తున్నావు. నాలుగోసారి దాకా ఓపిక పట్టి ఐదోసారి చెంచా లాగేసుకున్నావు. నువ్వు నేలవైపు వంగుతున్నావు కాబట్టి వాడి ముఖం చూడలేదు, నేను చూశాను. మొదటి రెండుసార్లు చెంచా ఎటు పోయిందో చూశాడు. మూడోసారి చెంచాని కాదు, నిన్ను చూశాడు. నాలుగోసారి పడేశాక తల పక్కకి వాల్చి చప్పుడు కోసం ఆగాడు, చప్పుడు రాగానే కాళ్లు ఆడించాడు. నువ్వు చెంచా తీసేసుకున్నాక గిన్నె మూత కోసం చెయ్యి చాపాడు చూడు, అది అల్లరి కాదమ్మా. ఇదీ పడుతుందా, పడితే ఇలాగే మోగుతుందా, అమ్మ మళ్లీ వంగుతుందా? ఒక్క చెంచాతో అన్ని ప్రశ్నలు వేశాడు. ‘టంగ్‌మంది కదా’ అని నువ్వొక్క మాటంటే చాలు, వాడి ప్రశ్నకి జవాబు దొరికినట్టే. నడుం నొప్పి పుడితే చెంచాకి చిన్న తాడు కట్టు, దగ్గరే కూర్చో, వాడే లాక్కుంటాడు. ఆట అవగానే తాడు తీసెయ్యడం మాత్రం మర్చిపోకు.

ఆన్‌లైన్ క్లాసు ఎందుకు దండగంటానో విను. 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసేవాళ్లు తొమ్మిది నెలల పిల్లలకి చైనా భాష వినిపించారు. కొందరితో చైనా భాష మాట్లాడే మనిషే నేల మీద కూర్చుని ఆడుతూ మాట్లాడింది. కొందరికి అదంతా టీవీలో చూపించారు. పన్నెండుసార్లు అలా చేశాక పరీక్షిస్తే, మనిషితో ఆడిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టేశారు. టీవీ చూసినవాళ్లకి అస్సలు ఏమీ అంటలేదు. టీవీలో మనిషి నవ్వుతుందే కానీ, బిడ్డ నవ్వినందుకు నవ్వదు కదా. రెండేళ్లు నిండేదాకా కాలక్షేపానికి స్క్రీన్ ముందు కూర్చోబెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఆ తర్వాత ఐదేళ్లలోపు కూడా రోజుకి గంటకి మించొద్దంది. మీ అమ్మతో వీడియో కాల్ మాత్రం మానిపించకు, అక్కడ అవతల జవాబిచ్చే మనిషి ఉంది.

నీ ఫోను సంగతి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లో ఒక ప్రయోగం చేశాడు. అప్పటిదాకా బిడ్డతో ఆడిన తల్లి ఉన్నట్టుండి ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోవాలి. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకేస్తుంది. ఏదీ పనిచెయ్యకపోతే ముఖం తిప్పేసుకుని ఏడుపందుకుంటుంది. ఫోను చూసేటప్పుడు మన ముఖం కూడా అలాగే ఉంటుంది, కావాలంటే ఒకసారి అల్లుడుగారి చేత ఫోటో తీయించుకుని చూడు. ఇరవై నాలుగు గంటలూ వాణ్ణే చూస్తూ కూర్చోమనడం లేదు, అలా ఎవరివల్లా కాదు. మామూలు తల్లీబిడ్డలు కూడా చాలాసేపు శ్రుతి తప్పుతూనే ఉంటారని, మళ్లీ కలుపుకోవడమే ముఖ్యమని ట్రానిక్కే చెప్పాడు. మొన్న వాడి మీద అరిచేసి తర్వాత ఏడ్చానన్నావే, అది కూడా ఇందులోకే వస్తుంది. అరిచాక ఎత్తుకుని గుండెలకి హత్తుకున్నావు కదా, అదే కలుపుకోవడం. రోజూ అరుపులే వినే ఇల్లయితే వేరే సంగతి, ఆ భయం ఒంట్లో స్థిరపడిపోతుంది.

జవాబివ్వమన్నానని వాడి ఆట నువ్వు ఆడెయ్యకు. నేను చేసిన తప్పదే. మీ అన్నయ్యకి మూడేళ్లప్పుడు నేను కొత్త టీచర్ని, నాకు అన్నీ తెలుసన్న గీర. వాడు బ్లాకులు పేరుస్తుంటే ‘అలా కాదు, ఇలా’ అంటూ ప్రతిదీ సరిచేసేదాన్ని. కొన్నాళ్లకి వాడు ప్రయత్నించడమే మానేశాడు. బ్లాకు నా చేతిలో పెట్టి ‘నువ్వే పెట్టు’ అనేవాడు. అది మురిపెం అనుకున్నాను. ఒకరోజు జ్వరంతో మంచం దిగలేకపోయాను. వాడు బ్లాకు పట్టుకుని నా పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నేను లేవకపోయేసరికి వెళ్లి తనే పెట్టాడు, కూలింది. నా వైపు చూశాడు. ‘పడిందా’ అన్నాను, అంతకంటే మాట్లాడే ఓపిక లేదు. ఆ సాయంత్రం అడుగున మూడు బ్లాకులు వెడల్పుగా పరిచి, వాటి మీద కట్టాడు. అలా కట్టాలని నేనెప్పుడూ చెప్పలేదు.

ఆట పెద్దయ్యాక పనికొస్తుందా అని మీ అత్తగారు అడిగారన్నావు. ఆవిడకి జమైకా సంగతి చెప్పు. 1986, 87 ప్రాంతంలో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లో తిండి చాలక ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లల్ని తీసుకుని, వాళ్లలో కొందరి ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట చొప్పున రెండేళ్లు వెళ్లారు. చేసిందల్లా బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించడమే. బొమ్మలు కూడా చేత్తో చేసినవే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, అలా ఆడిన పిల్లల సంపాదన, ఆ ఆట దొరకని పిల్లల సంపాదన కంటే పాతిక శాతం ఎక్కువుంది. మన బాబుకి అలాంటి లోటు లేదు కాబట్టి ఆ లెక్క వీడికి కట్టకు. ఏం ఇచ్చి అంత మార్పు తెచ్చారో అది మాత్రం చూడు.

ఇక నిద్ర. ఈ వయసులో పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు నిద్రపోవాలి. పగలు నేర్చుకున్నది మెదడు సర్దుకునేది నిద్రలోనే. అల్లుడుగారు రాత్రి పదింటికి వచ్చి పడుకున్నవాణ్ణి లేపి ఆడిస్తున్నారట. ప్రేమ అర్థమవుతుంది కానీ, ఆ ఆటేదో పొద్దున స్నానానికి ముందు పెట్టుకోమని మెల్లగా చెప్పు. మేలుకున్నప్పుడు మాత్రం వాణ్ణి కుర్చీలోనో బండిలోనో కట్టిపడెయ్యకు. నడవడం, ఎక్కడం, దొర్లడం అన్నీ కలిపి రోజుకి మూడు గంటలైనా ఒళ్లు కదలాలి.

తిండి గురించి ఒక్క మాట. అన్నిటికీ పాలు పట్టేస్తున్నావు. రోజుకి అర లీటరు, మహా అయితే ఇంకాస్త, అంతే. పాలతో కడుపు నిండితే వేరే తిండి తినడు, ఐరన్ తగ్గుతుంది. ఐరన్ తగ్గితే ముందు దెబ్బ తినేది చురుకే.

పదహారు నెలలు నిండినా ఒక్క మాటా రాకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, వచ్చిన మాటలు పోతే, ‘మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయిలే’ అనేవాళ్ల మాట వినకుండా డాక్టరుకి చూపించు. చెవులు కూడా పరీక్ష చేయించు. ఇప్పటికైతే వాడిలో నాకేమీ తేడా కనిపించలేదు.

పది రోజుల్లో వస్తున్నాను. కొత్త వాషింగ్ మెషీన్ అట్టపెట్టె పారెయ్యకు, పిన్నులు మాత్రం పీకి ఉంచు. నా దగ్గరున్న పాత డబ్బాల మూతలు తెస్తాను, వాడి నోట్లో పట్టనంత పెద్దవే. ఈలోగా స్టీలు చెంచా బదులు చెక్కది ఇచ్చి చూడు. చప్పుడు మారినప్పుడు వాడి ముఖం ఎలా ఉందో నాకు రాయి.

మీ పెద్దమ్మ