సెకండాఫ్ ల్యాగ్ అని రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన నాలుగు వ్యాసాలూ చదివాను. నీకు రాయడం వచ్చు. కానీ నాలుగింటిలోనూ "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్", "బీజీఎం వేరే లెవెల్", "ఎడిటర్ కత్తెరకి ఇంకాస్త పని చెప్పాల్సింది" ఉన్నాయి. సినిమా పేరు మార్చేస్తే ఇవి ఏ శుక్రవారానికైనా పనికొస్తాయి. చివర ఐదుకి రెండుముప్పావు వేశావు. ఆ ముప్పావు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?

"నేను విమర్శకురాలిని కాదు, ఏదో సరదాగా చూసేదాన్ని" అని ఉత్తరంలో సిగ్గుపడుతూ రాశావు. సిగ్గెందుకు? టికెట్ కొనుక్కునో, కంచం ఒళ్ళో పెట్టుకునో చూసేవాళ్ళ కోసమేగా ఇవన్నీ తీస్తున్నది. కొడవటిగంటి కుటుంబరావు, ముళ్ళపూడి వెంకటరమణ అంతటి రచయితలు సినిమాల గురించి రాశారు. వాళ్ళ చదువు, వాళ్ళ చమత్కారం నీకు ఇప్పుడే రావు, వాటి కోసం ఆగనూ అక్కర్లేదు. సినిమా నిన్ను ఎక్కడ పట్టుకుందో, ఎక్కడ వదిలేసిందో నీకు తెలుసు. దాన్ని కచ్చితంగా చెప్పు. "ల్యాగ్" అంటే నాకేమీ తెలియలేదు. "విలన్ తన చిన్నతనం చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్ తీసి వాట్సాప్ చూసుకున్నాను" అని రాస్తే, నువ్వు కూర్చున్న సీటు పక్కనే నేనూ ఉన్నట్టుంటుంది.

మెచ్చుకోవడంలోనూ ఇదే ఇబ్బంది. మాయాబజార్‌లో సావిత్రి అద్భుతంగా నటించిందని 1957 నుంచీ జనం అంటూనే ఉన్నారు. నువ్వు ఇంకోసారి అంటే కొత్తగా తెలిసేదేముంది? ఈసారి "అహ నా పెళ్ళంట" పాట ఒక్కటే పెట్టుకుని చూడు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సుశీల గొంతు హాయిగా సాగుతుంటే ఉన్నట్టుండి ఘంటసాల గొంతు దూరుతుంది. అంతే, సావిత్రిలోంచి మగవాడు బయటపడతాడు, వెంటనే సర్దుకుని మళ్ళీ పెళ్ళికూతురైపోతుంది. ఆ కాసేపూ ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు తెర మీద లేకుండానే ఉంటాడు. ఇది పట్టుకోవడానికి ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చదవక్కర్లేదు, రెండుసార్లు చూసే ఓపిక ఉంటే చాలు.

బలగం సినిమా గురించి "ఎమోషనల్‌గా కనెక్ట్ అయ్యాను" అని ఒక్క ముక్కతో తేల్చేశావు. నాకు కోపం వచ్చింది అక్కడే. దేనికి కనెక్ట్ అయ్యావు? ఆ ఇంటి అల్లుడు ఏళ్ళ తరబడి గడప తొక్కకపోవడానికి కారణం భోజనాల దగ్గర నల్లి బొక్క, అంటే మాంసంలో మూలుగ ఎముక. ఇదేం పంతంరా బాబూ అని ముందు నవ్వొస్తుంది. తర్వాత, చనిపోయిన ఇంటి పెద్ద కొమురయ్యకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. అప్పుడు ఆ బొక్క గొడవ నవ్వులాట కాదని అర్థమవుతుంది. 2023లో తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య తెర కట్టుకుని మరీ చూసి ఏడ్చారు జనం. మీది గోదావరి పక్క. ఆ యాస నీకెంత అర్థమైంది, ఆ తంతు ఎంత కొత్త? భోజనాల దగ్గర అలిగి రాకపోకలు మానేసిన చుట్టాలు మీకూ ఉన్నారుగా, వాళ్ళు గుర్తొచ్చారా? అక్కణ్ణుంచి రాయి. ఏ ఊరి పిల్లవో దాచుకుని రాస్తే ఆ సినిమా గురించి నువ్వు చెప్పగలిగింది ఏమీ మిగలదు.

ఎలా చూశావో కూడా చెప్పాలి. మొదటి రోజు కాగితాలు ఎగరేసే హాల్లో చూడటం, బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడటం ఒకటి కాదు. నీ మూడో వ్యాసంలో వెబ్ సిరీస్ హడావుడిగా ఉందని ఫిర్యాదు. నాలుగు లైన్ల కింద, ఒకటిన్నర స్పీడులో చూశానని నువ్వే ఒప్పుకున్నావు!

ఇక సీరియళ్ళు. తలుపు తెరుచుకుంటే మూడుసార్లు చూపిస్తారని, అత్తగారు మనసులో మాట పైకి అనేస్తుందని వెక్కిరించావు. నిజమే, కానీ ఎందుకలా తీస్తారో ఒక్కసారైనా అనుకున్నావా? సీరియల్‌ని చాలామంది ఆడవాళ్ళు చూడరు, వింటారు. పోపు వేస్తూ వింటారు, బీరకాయ తరుగుతూ వింటారు. అత్తగారు పైకి అనకపోతే స్టవ్ దగ్గరున్న మనిషికి కుట్ర తెలిసేదెలా? తలుపు దగ్గర ఆ సంగీతం మోగేది వంటింట్లోంచి ఆవిడ పరుగెత్తుకు రావడానికి. నిన్నటి ఎపిసోడ్ కరెంటు పోయి తప్పినవాళ్ళ కోసం ఇవాళ మళ్ళీ అదే చెప్పాలి. పైగా వారంలో ఐదారు రోజులు అరగంట నింపాలి, మధ్యలో ప్రకటనలు. కథ ఎంత మెల్లగా కదిలితే ఇంట్లో అంతకాలం పొయ్యి వెలుగుతుంది, తీసేవాళ్ళకి. ఇవన్నీ తెలిశాక తిట్టు, నేనూ గొంతు కలుపుతాను. 2001లో జెమినీ టీవీలో మొదలైన హాస్య సీరియల్ అమృతం వేరేలా ఉండటానికి కారణం వాళ్ళ హాస్యం ఒక్కటే కాదు. అది వారానికోసారి వచ్చేది. అమృతరావు, ఆంజనేయులు ఏదో పథకం వేసి బోర్లాపడితే ఆ వారం ముచ్చట దాదాపు అక్కడికి సరి. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి ఒకటి గొప్ప, ఒకటి చెత్త అంటే ఎలా?

వసూళ్ళ గురించి రాయకు. నిర్మాత లెక్కలు నిర్మాతకే ఉంటాయి, నువ్వేమీ పెట్టుబడి పెట్టలేదు. హీరో అభిమానులు తిడతారేమోనని "అయితే", "కానీ" అంటూ మెలికలు తిరగడం కూడా వద్దు. ఎలా రాసినా ఎవరో ఒకరు తిడతారు. చివరి మలుపు మాత్రం బయటపెట్టకు, అది మర్యాద కాదు.

ముందు సీరియల్ వ్యాసం తిరగరాయి. ఓ వారం మీ అమ్మతోపాటు వంటింట్లో నిలబడి విను, ఆవిడ ఏ డైలాగుకి గరిటె పట్టుకుని హాల్లోకి వస్తుందో రాసిపెట్టుకో. అయ్యాక పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా టైప్ చెయ్యి, నా కళ్ళజోడు మార్పించాలి, ఇంకా తీరిక దొరకలేదు.

ఆశీస్సులతో,
మీ బాబాయి