మేలో యూరప్ టూర్, జులైలో మోకాలి ఆపరేషన్: ఉన్న డబ్బు సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 56. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, నెల జీతం 48,000. మావారు పోయిన ఏడాది రిటైరయ్యారు. మే నెల సెలవుల్లో ఇద్దరం పది రోజులు పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ చూసి రావాలనుకుంటున్నాం. ప్యాకేజీ ఇద్దరికీ 5.60 లక్షలు, అడ్వాన్సు ఇంకా కట్టలేదు. నా కుడి మోకాలికి మార్పిడి ఆపరేషన్ చేయాలన్నారు, జులై దాకా ఆగొచ్చని డాక్టరే చెప్పారు. నొప్పి మొదలై రెండేళ్లయింది. సింగిల్ రూముతో ఆసుపత్రి ఎస్టిమేట్ 3.20 లక్షలు. మా చేతిలో మూడు ఎఫ్‌డీలు కలిపి 9 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 2.40 లక్షలు ఉన్నాయి. ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ హెల్త్ పాలసీ ఉంది, వచ్చే సెప్టెంబరుకు మూడేళ్లు నిండుతుంది. ఇంటి ఖర్చు నెలకు 45,000. మావారి పీఎఫ్ డబ్బు సీనియర్ సిటిజెన్స్ స్కీములో వేశాం, దాన్ని ముట్టుకోవాలని లేదు. రెండూ చేసుకోగలమా? టూర్‌కి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: చేసుకోగలరు, కానీ ఒక షరతు మీద. జులైలో చేయించుకునే ఆపరేషన్‌కి మీ పాలసీ డబ్బు ఇస్తుందని బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా టూర్ అడ్వాన్సు కట్టకండి. మీ లెక్క అంతా ఆ ఒక్క జవాబు మీదే ఉంది.

ఎందుకో చూడండి. మోకాలి మార్పిడి, కంటి శుక్లాలు, హెర్నియా లాంటి కొన్ని చికిత్సలకు పాలసీ తీసుకోగానే కవరేజీ రాదు. వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. చాలా పాలసీల్లో ఇది 24 నెలలు, కొన్నింట్లో 36 నెలలు. 2024 నుంచి అమల్లో ఉన్న ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం 36 నెలలకు మించకూడదు. మీ పాలసీలో 24 నెలలని ఉంటే ఇప్పటికే దాటేశారు. 36 అని ఉంటే మాత్రం జులైకి మీ పాలసీ వయసు రెండేళ్ల పది నెలలే. రెండు నెలల తేడాతో మొత్తం క్లెయిము పోతుంది. అలాంటప్పుడు డాక్టర్‌ని అడిగి, ఆయన సరేనంటే, ఆపరేషన్‌ను సెప్టెంబరు చివరికి జరపడం ఒక్కటే దారి. ఏజెంటు నోటిమాట నమ్మొద్దు. పాలసీ బుక్‌లెట్‌లో నిర్దిష్ట వ్యాధుల వెయిటింగ్ పీరియడ్ పేజీ చూడండి. కస్టమర్ కేర్‌కి పాలసీ నంబరు వేసి, ‘టోటల్ నీ రీప్లేస్‌మెంట్, కుడి కాలు, జులైలో. వెయిటింగ్ పీరియడ్ పూర్తయిందా? సబ్‌లిమిట్, కో-పే ఉన్నాయా?’ అని మెయిల్ పెట్టండి. సబ్‌లిమిట్ అంటే ఒక చికిత్సకు కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, కో-పే అంటే బిల్లులో మీరు కట్టాల్సిన వాటా. రోబోటిక్ పద్ధతిలో చేస్తామని ఆసుపత్రి అంటే అదీ అడగండి. కొన్ని పాలసీలు రోబోటిక్ సర్జరీకి వేరే పరిమితి పెడతాయి.

ఇంకొక కాగితం మీ దగ్గరే ఉంది, మొదట చూపించుకున్నప్పటి ఓపీ చీటీ. నొప్పి మొదలై రెండేళ్లయిందని రాశారు, అంటే పాలసీ తీసుకున్నాకే మొదలైంది. చీటీలో ఏముందో చదవండి. ఎన్నాళ్ల నుంచి అని డాక్టర్ అడిగినప్పుడు ‘మూడు నాలుగేళ్ల నుంచీ ఉందండీ’ అని అలవాటుగా అనేస్తాం, వాళ్లు ‘నాలుగేళ్లుగా’ అని రాసేస్తారు. క్లెయిము చూసేవారు ముందు చదివేది ఆ ఒక్క మాటనే. పాలసీ కంటే ముందే ఉన్న జబ్బు, ప్రపోజల్ ఫారంలో (పాలసీ దరఖాస్తులో) చెప్పలేదు అంటారు. తేదీ నిజంగా తప్పు పడి ఉంటే, మొదటి ఎక్స్‌రే తేదీ చూపించి ఆ డాక్టర్ చేతే సరిదిద్దించుకోండి. నొప్పి నిజంగానే ముందు నుంచి ఉంటే దాచొద్దు. అప్పుడు కూడా మూడేళ్లు నిండాక వెళ్లడమే మంచిది, కాకపోతే ఫారంలో చెప్పలేదన్న పేచీ మిగిలే ఉంటుంది కాబట్టి అదీ మెయిల్‌లోనే తేల్చుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ దగ్గరున్నది 11.40 లక్షలు. టూర్‌కి 5.60 లక్షలే అనుకోకండి. విదేశీ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేస్తాడు. 2025-26లో ఇది 10 లక్షల దాకా 5 శాతం ఉండేది, ఆ లెక్కన 28,000. మీరు కట్టే రోజున ఉన్న రేటే పడుతుంది. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే పన్ను. మీ జీతానికి కొత్త పద్ధతిలో పన్నే పడదు కాబట్టి రిటర్ను వేస్తే ఇదంతా వెనక్కి వస్తుంది, వేయకపోతే రాదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద ఇది పడిందో లేదో చూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్, టిప్పులు, అక్కడి చేతి ఖర్చు, షాపింగ్ కలిపి ఇంకో 72,000 వేసుకుంటే టూర్ 6.60 లక్షలు. మిగిలేది 4.80 లక్షలు.

ఆ 4.80లోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు 2.70 లక్షలు పక్కన పెట్టాలి. ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకునే ఖర్చు ఒకటుంది, మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి 30 సిట్టింగులు, 700 చొప్పున 21,000. మూడు వారాలు అటెండెంటు, రోజుకి 900 లెక్కన 18,900. వాకర్, ఎత్తు కమోడ్ సీటు, బాత్రూములో పట్టుకునే రాడ్లు 8,000. మందులు 10,000. చెకప్‌లకు కారు 6,000. ఈ రేట్లు మీ ఊళ్లో కనుక్కుని సరిచేసుకోండి. వీటన్నిటి కంటే పెద్దది జీతం కోత. కోలుకుని క్లాసులో నిలబడి పాఠం చెప్పడానికి ఎనిమిది వారాలు వేసుకోండి. సిక్ లీవు 20 రోజులుంటే మిగతా 36 రోజులకు జీతం రాదు, 57,600 పోతుంది. వేసవి సెలవులు టూర్‌కి వాడేస్తున్నారు కాబట్టి ఈ కోత నిజానికి టూర్ ఖర్చే. అంతా కలిపి లక్షా ఇరవై వేలు దాటుతుంది.

పాలసీ డబ్బు ఇస్తే, రూము విషయంలో జాగ్రత్త పడకపోయినా, మీ చేతినుంచి 80,000 దాకా పడుతుంది. 2.70, 1.20, 0.80 కలిపితే 4.70 లక్షలు. పదివేలు మిగులుతుంది. పాలసీ డబ్బు ఇవ్వకపోతే 3.20 లక్షలూ మీరే కట్టాలి, కావలసింది 7.10 లక్షలు, లోటు 2.30 లక్షలు. మంచం మీద ఉన్న నెలల్లో ఇంటి ఖర్చుకు పెట్టుకున్న డబ్బే ఆసుపత్రికి పోతుంది. అందుకే ముందు ఆ మెయిల్.

ఆ 80,000 ఎలా వచ్చిందో చెబుతాను, తగ్గించుకోవడం మీ చేతిలోనే ఉంది. చాలా పాలసీల్లో రూము అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, మీకైతే రోజుకి 5,000. మీరు 8,000 రూము తీసుకుంటే నాలుగు రోజులకు తేడా 12,000 కడితే చాలుననుకుంటారు. కానీ ఆసుపత్రులు డాక్టర్ ఫీజు, థియేటర్, అనస్థీషియా, నర్సింగ్ కూడా రూము స్థాయిని బట్టే వేస్తాయి. అందుకే కంపెనీ వాటికీ ఎనిమిదింట ఐదు వంతులే ఇచ్చి మిగతాది కోస్తుంది. ఎస్టిమేట్‌లో ఇంప్లాంట్ 80,000, మందులు, టెస్టులు 60,000, రూము 32,000, మిగతా ఫీజులు 1,48,000 అనుకుందాం. ఫీజుల్లో 55,500 కోత, రూములో 12,000, మొత్తం 67,500. గ్లవ్స్, కిట్లు లాంటి, కంపెనీ డబ్బు ఇవ్వని వస్తువులు దీనికి అదనం. ఇంప్లాంట్, మందులు, టెస్టుల మీద ఈ దామాషా కోత వేయకూడదని నిబంధన ఉంది, వేస్తే అడగండి. 5,000 రూములో చేరితే ఈ కోతే ఉండదు.

మోకాలి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టులో ఎన్‌పీపీఏ (మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ) గరిష్ఠ ధరలు పెట్టింది. ఎస్టిమేట్‌లో ఇంప్లాంట్ రకం, ధర విడిగా రాయించుకోండి. ఆపరేషన్ రోజు డబ్బా మీది స్టిక్కర్ ఊడదీసి కేస్ షీట్‌లో అంటిస్తారు, దాని కాపీ, ఇన్వాయిస్ డిశ్చార్జికి ముందే తీసుకోండి. క్లెయిములో చిన్న కాగితాలే ఎక్కువ తిప్పలు పెడతాయి.

ఆపరేషన్‌కు ముందు టెస్టుల బిల్లులు సాధారణంగా చేరడానికి 30 లేదా 60 రోజుల లోపువే క్లెయిముకి వస్తాయి. టూర్‌కి ముందే ఏప్రిల్‌లో అన్నీ చేయించేస్తే ఆ డబ్బు రాదు, పైగా ఆసుపత్రి మళ్లీ చేయిస్తుంది. ఫిజియోథెరపీ డబ్బు కూడా కొన్ని పాలసీల్లో డిశ్చార్జి తర్వాత 60 లేదా 90 రోజుల దాకా వస్తుంది, అయితే డిశ్చార్జి సమ్మరీలో డాక్టర్ రాసి ఉండాలి. డేట్లవారీ బిల్లులు తీసుకోండి.

టూర్ ముందా, ఆపరేషన్ ముందా అంటే మీరు అనుకున్న వరసే నయం. ఆపరేషన్ అయిన కొత్తలో గంటల తరబడి విమానంలో కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అదే కారణానికి టూర్ నుంచి వచ్చాక కూడా కనీసం నాలుగు వారాలు ఎడం పెట్టుకుని, ప్రయాణం సంగతి సర్జన్‌కి చెప్పండి. ఆ ఎడం డబ్బుకీ మంచిదే. పంటి ఇన్ఫెక్షన్, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలి మీద పుండు, పెరిగిన షుగర్, ఏది ఉన్నా జాయింట్ ఆపరేషన్ వాయిదా వేస్తారు. సెలవు పెట్టి, అటెండెంటుకి అడ్వాన్సిచ్చి కూర్చున్నాక వాయిదా పడితే ఆ నష్టం ఎవరూ ఇవ్వరు.

మీరు చూడబోయే మూడు దేశాలకూ కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. మోకాలి సంగతి అందులో రాయండి. పడి ఎముక విరిగితే వస్తుంది, ఉన్న మోకాలి నొప్పి పెరిగితే సాధారణంగా రాదు, ఆ నొప్పితో టూర్ మానుకుంటే క్యాన్సిలేషన్ డబ్బూ రాదు. అందుకే ఏజెంటు దగ్గర ఏ తేదీకి రద్దు చేస్తే ఎంత కోత అన్నది రాయించుకుని, రెండో వాయిదా వీలైనంత ఆలస్యంగా కట్టండి. విమానాశ్రయంలో వీల్‌చెయిర్ ఎయిర్‌లైన్స్‌ని ముందే అడిగితే ఉచితంగా ఇస్తారు, మొహమాటపడకండి.

పర్సనల్ లోన్ వద్దు. జీతం ఆగే నెలల్లో ఈఎంఐ నడవడం మీ పరిస్థితికి సరిపడదు. టూర్‌కి కావలసినంత మేరకు ఎఫ్‌డీలు మూయండి, కొత్తగా వేసినవాటితో మొదలుపెట్టండి. గడువుకు ముందు తీస్తే అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ తగ్గించడం మామూలే. ఒక ఎఫ్‌డీ మాత్రం కదపకుండా ఉంచి దాని మీద ఓవర్‌డ్రాఫ్టు (అవసరమైనప్పుడు వాడుకునే అప్పు) పెట్టించుకోండి. ఆసుపత్రి డిపాజిట్ అడిగినా, క్యాష్‌లెస్ (కంపెనీ నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) సగమే మంజూరైనా, అందులోంచి వాడిన రోజులకే వడ్డీ పడుతుంది. రెండు లక్షలు, ఆపైన ఆసుపత్రికి నగదుగా కట్టకూడదు, బ్యాంకు ద్వారానే కట్టండి. సీనియర్ సిటిజెన్స్ స్కీము ముట్టుకోకపోవడం సరైన నిర్ణయం. ఏడాది నిండకుండా మూసేస్తే వడ్డీ రాకపోగా, ఇచ్చిన వడ్డీ కూడా అసల్లో పట్టుకుంటారు.

క్యాష్‌లెస్ అడిగాక గంటలో, డిశ్చార్జి బిల్లు పంపాక మూడు గంటల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అయినా చేరడానికి మూడు రోజుల ముందే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో కాగితాలు ఇవ్వండి.

సెప్టెంబరులో రెన్యువల్ ప్రీమియం మీరు ఇంకా కోలుకుంటున్నప్పుడు వస్తుంది. ఏటా ఒకేసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ (గడువు దాటాక కట్టే వెసులుబాటు) ఉన్నా ఆ మధ్య రోజుల్లో కవరేజీ ఉండదు. ఆ డబ్బు ఇప్పుడే విడిగా ఉంచి ఆటో డెబిట్ పెట్టండి. ఆపరేషన్ సెప్టెంబరుకి జరపాల్సి వస్తే, రెన్యువల్ రసీదు చేతికొచ్చాకే ఆసుపత్రిలో తేదీ ఖాయం చేసుకోండి.