అమ్మ గురించి రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీల నిండా "త్యాగమూర్తి", "అన్నపూర్ణ", "సహనానికి మారుపేరు". పేరు మార్చి ఏ ఆవిడ ఫోటో కింద వేసినా చెల్లే రాత. అక్కడే పక్కన పెట్టేసేవాణ్ణి. మూడో పేజీలో ఒక వాక్యం ఆపింది. కర్మలు అయ్యి నువ్వు ఊరెళ్ళిపోయాక మీ నాన్నగారు ఫోన్ చేసి "ఇంగువ ఎక్కడుంటుందిరా?" అని అడిగారన్నావు. అంత మాట చేతికి దొరికితే ఒక్క లైనులో తేల్చేసి మళ్ళీ త్యాగంలోకి వెళ్ళిపోయావు. ఒళ్ళు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంతకీ ఇంగువ దొరికిందా? ఏ డబ్బాలో? 50 ఏళ్ళు పైబడిన కాపురంలో ఆయనకి తెలియని అరలు ఏవి, ఆవిడకి తెలియని కాగితాలు ఏవి? బ్యాంకు పాసుబుక్కు ఎక్కడుంటుందో ఆవిడకి తెలుసా? ఇవి రాస్తే వాళ్ళ కాపురం నడిచిన తీరు నాకు తెలుస్తుంది.

"అమ్మ చేతి ఆవకాయ అమృతం" అన్నావు. ఎవరి అమ్మది కాదు గనక? కొలత రాయి. కారం, ఆవపిండి సమానంగా పోసి ఉప్పు పిసరు తగ్గించేదా, మూడూ సమంగానా? ఏ గిన్నెతో? తలకొట్టి కొలిచేదా, గోపురంగానా? దంచిన కల్లుప్పా, ప్యాకెట్ ఉప్పా? టెంక అంటుకోని ముక్క తొందరగా మెత్తబడుతుందని ఏరి పక్కన పెట్టేదా? తడి తగిలితే బూజు పడుతుందని ఎవర్ని ఆ దరిదాపులకి రానిచ్చేది కాదు? మూడో రోజు తిరగకలిపినప్పుడు ఉప్పు చూసేదెవరు? మీ నాన్నగారే అయితే, వేడన్నంలో కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన ఏమనేవారో, దానికి ఆవిడ ఏమనేదో చాలు. అమృతం కొట్టెయ్యి.

వ్యాసంలో ఆయన చేత ఆవిణ్ణి పేరు పెట్టి పిలిపించావు. నిజంగా అలాగే పిలిచేవారా? ఆ తరంలో "ఏమేవ్", "ఇదిగో", కొన్ని ఇళ్ళల్లో పెద్ద పిల్లాడి పేరుతో కేకేస్తే తల్లి పలకడం. సినిమా పిలుపు తీసేసి ఇంట్లో వినిపించిన పిలుపు పెట్టు.

తేదీ కూడా తప్పు. శుభలేఖలో "ప్లవంగ నామ సంవత్సర మాఘ శుద్ధ" అని ఉంటే 1967 అని రాసేశావు. ప్లవంగ 1967 ఉగాదికి మొదలైన మాట నిజమే, కానీ ఆ ఏటి మాఘం వచ్చేసరికి 1968 వచ్చేసింది. మాఘ, ఫాల్గుణాల్లో, పుష్యంలో కొన్ని రోజుల్లో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ ఈ చిక్కు ఉంటుంది. పుట్టినరోజుకి రేషన్ కార్డుని నమ్మకు, అందులో వయసు చాలాసార్లు ఉజ్జాయింపే.

పాత వెంకట్రామా కేలండర్లు ఉంటే పారెయ్యకండి. పాలు రాని రోజుకి సున్నా, గ్యాస్ బండ పెట్టిన రోజుకి గీత ఉంటాయి. ఒక గీత నుంచి ఇంకో గీతకి రోజులు లెక్కపెట్టు. పిల్లలు చదువులకి వెళ్ళిపోయిన ఏడాది బండ ఎన్నాళ్ళు ఎక్కువ వచ్చిందో తేలుతుంది. ఇల్లు ఖాళీ అయిందని నువ్వు రాసిన పేరా బదులు ఆ లెక్క పెట్టు.

నాన్నగారి దగ్గర కూర్చునేటప్పుడు "అమ్మ ఎలాంటిది?" అని అడక్కు. "దేవత" అంటారు, అక్కడితో సరి. ఒక వస్తువు చేతికిచ్చి, ఇది ఎప్పుడు కొన్నారు, ఎవరు బేరం చేశారు అని అడుగు. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక మంచి వేళ. ఫోన్‌లో రికార్డు చేస్తే ఫ్యాను ఆపు, ఫోన్ కింద తువ్వాలు మడిచి పెట్టు, లేకపోతే బల్ల చప్పుడే మిగులుతుంది. అరగంట దాటనివ్వకు. తేదీ తప్పు చెప్పినా సరిదిద్దకు, సరిదిద్దితే ఆగిపోతారు. ఆయన మాటలు ఆ రాత్రే కాగితం మీద పెట్టు. మాసికాలకి మీ పిన్నులొస్తారు కదా, వంటింట్లో వాళ్ళు మాట్లాడుకునేది వేరే కాగితం మీద రాసుకో. మొగుడు చూసిన మనిషి వేరు, చెల్లెళ్ళు చూసిన మనిషి వేరు. నువ్వు ఇద్దర్నీ కలిపేసి నీ గొంతులో చెప్పేశావు.

ఒక్క తగువైనా లేదేం? ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చిన తగువు ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది: ఆడపడుచుకి పెట్టిన చీర, అమ్మేసిన స్థలం, పుట్టింటికి పంపని పండగ. అది లేకుండా రాస్తే కాండక్ట్ సర్టిఫికెట్ చదివినట్టుంది.

ఈ జబ్బు నీ ఒక్కడిదీ కాదు. మాతృదినోత్సవం వస్తోందంటే ఎడిటర్లకి అమ్మ గుర్తొస్తుంది. వచ్చినవాటిలో కొలతలు, తగువులు, పేర్లు కోసేసి "హృద్యంగా లేదు" అంటారు. మిగిలిన కన్నీళ్ళు మూడొందల మాటల్లో దండ వేసిన ఫోటో పక్కన అచ్చేస్తారు. వాళ్ళ కోసం రాయకు.

సంవత్సరీకానికి పుస్తకం వేయాలని తొందరపడుతున్నావు. మొదటి ఏడాది రాసినవి మూటకట్టి ఉంచు, బంధువులకి పంచడానికి ఎనిమిది పేజీలు చాలు. ముందుమాట అడిగావు, రాయను. రెండో ప్రతిలో మీ నాన్నగారి మాటలు నల్ల సిరాతో, పిన్నుల మాటలు ఎర్ర సిరాతో రాసి పంపు. ఇంగువ డబ్బా సంగతి మర్చిపోకు.