అభిమాని గీసిన బొమ్మను పోస్టర్‌పై వేసుకోవచ్చా?

ప్రశ్న: మేము నలుగురం కలిసి విజయవాడలో ఒక చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్నాము. మా గేమ్‌లోని కథానాయికను ఒక కళాశాల విద్యార్థిని చక్కగా గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. ఆ బొమ్మను మా కొత్త పోస్టర్‌కు వాడుకోవాలనుకుంటున్నాము. పాత్ర మాదే కాబట్టి ఆమె పేరును ట్యాగ్ చేస్తే సరిపోతుందా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు

జవాబు: సరిపోదండి. పాత్ర మీదే అయినా ఆ బొమ్మలోని గీత, రంగు, భంగిమ ఆమెవి. అనుమతి అడిగిన తర్వాతే పేరు వేసే మాట వస్తుంది. ఏ బొమ్మను, ఎక్కడెక్కడ, ఎంతకాలం, ఎంత పారితోషికానికి వాడుకుంటారో ముందుగా ఆమెతో మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఇటువంటి ఒప్పందం రాతపూర్వకంగానే ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే అది వర్తిస్తుంది కనుక, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో విదేశాలకూ గేమ్ అమ్మేవారు ఆ రెండు మాటలూ మరువకూడదు. హక్కులు రాసిచ్చిన తర్వాత కూడా ఆ బొమ్మ తనదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఆమెకు మిగిలే ఉంటుంది.

పెద్ద సంస్థలూ ఈ విషయంలో తడబడ్డాయి. డెస్టినీ 2 అనే గేమ్‌ను రూపొందించిన బంగీ సంస్థ 2021లో విడుదల చేసిన ట్రైలర్‌లో ఒక అభిమాని బొమ్మ చేరిపోయింది. 2023లో మరో అభిమాని చిత్రాన్ని సంస్థ సొంత చిత్రమే అనుకుని ఒక కట్‌సీన్‌కు (ఆట మధ్యలో కథ చెప్పే చిన్న వీడియోకు) నమూనాగా తీసుకున్నారు. రెండుసార్లూ సంస్థ పొరపాటు ఒప్పుకుని చిత్రకారులకు పరిహారం ఇవ్వడానికి ముందుకు వచ్చింది. నా అంచనాలో ఇటువంటివి దొంగబుద్ధి కన్నా ఫోల్డర్ల అశ్రద్ధ వల్లే ఎక్కువగా జరుగుతాయి. అభిమానుల బొమ్మలను మీ సొంత చిత్రాలతో కలపకుండా విడిగా దాచి, ప్రతి ఫైలు పేరులోనే చిత్రకారుల పేరు కూడా చేర్చండి.

ఇక పేరు వేసే తీరు. బొమ్మ మూలన ఆమె చేసిన సంతకం పోస్టర్ కొలతకు కత్తిరించేటప్పుడు మొదట పోయేది, కాబట్టి దాని మీద ఆధారపడకండి. ఆమె కోరిన పేరునే, అది కలంపేరైనా సరే, పోస్టర్ మీదా గేమ్ చివర వచ్చే పేర్ల వరుసలోనూ వేయండి. ట్యాగ్ రెండు రోజుల్లో కిందికి జారిపోతుంది.

ప్రోత్సాహం పొగడ్తతో ఆగకూడదు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ 2011లో ఆటగాళ్లు తమ సృష్టులను పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్ తెరిచి, తన టీమ్ ఫోర్ట్రెస్ 2 గేమ్ ఆటగాళ్లు తయారుచేసిన వస్తువుల అమ్మకంలో వారికి 25 శాతం వాటా ఇచ్చింది. 2015 జనవరి నాటికి 1,500 మందికి పైగా సృష్టికర్తలకు 5.7 కోట్ల డాలర్లు చేరాయని ఆ సంస్థే ప్రకటించింది. మీకు అంత స్తోమత లేకపోయినా, హైదరాబాద్ కామిక్ కాన్ వంటి అభిమానుల వేడుకల్లో మీ పాత్రల స్టిక్కర్లు అమ్ముకునేవారికి ఎన్ని ప్రతుల వరకు అభ్యంతరం లేదో తెలుగులోనే రాసి మీ వెబ్‌సైటులో పెట్టండి.

ఒకవేళ ఆమె ఒప్పుకోకపోతే, అటువంటిదే గీయమంటూ మీ ఆర్టిస్టు ముందు ఆ బొమ్మ పెట్టకండి, ఖాళీ కాగితంతో మొదలుపెట్టించండి.