సెప్సిస్‌లో ట్రోపోనిన్ పెరిగితే గుండెపోటేనా?

మీ అత్తగారు యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్నారని, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఎక్కువ వచ్చిందని రాశారు. గుండెకు ముప్పుందో లేదో రక్తపరీక్షతో ముందే తెలుస్తుందా అని అడిగారు. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సునండి. రిపోర్టులో ఆ అంకె పక్కన 'హై' అని కనబడగానే ఇంట్లోవాళ్లు ఫోన్లో ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపేస్తారు, అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది.

సెప్సిస్‌లో ట్రోపోనిన్ పెరగడం మాకు మామూలే. గుండె రక్తనాళం పూడుకుపోకపోయినా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా రేగే ఇన్‌ఫ్లమేషన్ గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. బీపీ పడిపోయి గుండె వేగంగా కొట్టుకుంటున్నా, కిడ్నీలు దెబ్బతిన్నా అంకె ఎక్కువే చూపిస్తుంది. గుండె మీద ఒత్తిడి పడితే పెరిగే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా ఇలాంటిదే, వయసు, కిడ్నీల పనితీరు బట్టి మారిపోతుంది. ప్రోకాల్సిటోనిన్ అనే ఇన్ఫెక్షన్ పరీక్ష అయితే గుండె కోసం చేసేదే కాదు. యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపొచ్చో తేల్చుకోవడానికి డాక్టర్లు ఎక్కువగా చూస్తారు.

కాబట్టి జోస్యం చెప్పే ఒక్క పరీక్ష అంటూ లేదు. ట్రోపోనిన్ కొన్ని గంటల తేడాతో మళ్లీ చేసి, ఈసీజీ పక్కన పెట్టుకుని చూస్తారు. అంకె గబగబా ఎగబాకుతూ ఈసీజీలోనూ మార్పులుంటే అప్పుడు గుండెపోటు అనుమానం. ఇక ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే లాక్టేట్: సెలైన్ సరిపడా ఎక్కించాక కూడా అది 2 మిల్లీమోల్స్ దాటి ఉండి, బీపీ పెంచే మందులిస్తేనే బీపీ నిలబడుతుంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటారు. అప్పుడు మేం మంచం దగ్గర నుంచి కదలం.

మా దగ్గర షుగర్ ఉన్న ఒక పెద్దావిడకు ఇలాగే జరిగింది. కొడుకు యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్లిపోతానని ఒకటే పట్టు. కార్డియాలజిస్టు గుండెను స్కాన్ చేసే ఎకో మిషన్ మంచం దగ్గరికే తెప్పించి, తెర లాగి చూశారు. గుండెపోటులోలా గుండె ఒక పక్కనే కాదు, మొత్తంగా నీరసంగా కొట్టుకుంటోంది. పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్‌కి, గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ కలిపారు, సెలైన్ తగ్గించారు. ఇన్ఫెక్షన్ అదుపులోకి వచ్చాక గుండె కూడా తేరుకుంది. ఇదేమీ వింత కాదు. సెప్టిక్ షాక్‌లో పంపింగ్ పడిపోయినా, బతికి బయటపడినవాళ్లలో అది 7 నుంచి 10 రోజుల్లో కోలుకుంటుందని 1984లోనే అమెరికాలో పార్కర్, పారిల్లో బృందం రాసింది. అందరికీ అలాగే జరుగుతుందని మాత్రం అనుకోకండి.

రేపు రౌండ్స్‌లో డాక్టర్‌గారిని మూడు విషయాలు అడగండి: ట్రోపోనిన్ నిన్నటి మీద పెరిగిందా తగ్గిందా, ఎకోలో పంపింగ్ ఎంత ఉంది, గుండె లయ ఏమైనా తప్పిందా అని. అత్తగారికి ఇంతకు ముందెప్పుడైనా ఎకో తీసి ఉంటే ఆ పాత రిపోర్టు వెతికి తీసుకెళ్లి ఇవ్వండి. గుండె ముందు నుంచే నీరసమా, ఈ జబ్బుతోనే పడిపోయిందా అన్నది దాన్ని పక్కన పెట్టి చూస్తేనే డాక్టర్‌కి తేలుతుంది.