221(జి) స్లిప్ ఇస్తే అమెరికా వీసా పోయినట్టేనా?

పోయినట్టు కాదు; వీసా ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఇచ్చే ఈ 221(జి) స్లిప్ రికార్డులో ‘రెఫ్యూజల్’గానే పడుతుంది గానీ, ఫైలు ఇంకా తెరిచే ఉంటుంది. 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం, కాగితం ఏదైనా తక్కువైనా, భద్రతా తనిఖీ మిగిలినా ఆఫీసర్ వీసా ఇవ్వకూడదు.

విజయవాడ కుర్రాడొకడు న్యూక్లియర్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ కోసం హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లాడనుకోండి. సున్నితమైన టెక్నాలజీ కాబట్టి ఫైలు వాషింగ్టన్ దాకా వెళ్లొచ్చు. డీఎస్-5535 ఫారం కూడా ఇచ్చారంటే 15 ఏళ్ల ప్రయాణాలు, ఉద్యోగాలు, ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇళ్ల అడ్రసులతో సహా రాయాలి. 5 ఏళ్ల సోషల్ మీడియా ఖాతాలు అదనం. టెన్షన్ మామూలే.

చాలామంది దీన్ని 214(బి)తో, అంటే తిరిగి సొంత దేశానికి వస్తారన్న నమ్మకం ఆఫీసర్‌కి కలగనప్పుడు చేసే తిరస్కరణతో కలిపేస్తారు. అందులో కేసు ముగిసిపోతుంది, మళ్లీ ఫీజు కట్టాలి. 221(జి)లో అయితే అడిగిన కాగితాలు ఏడాదిలోపు ఇస్తే పాత దరఖాస్తే నడుస్తుంది. పైరవీతో క్లియర్ చేయిస్తామని బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరన్నా అంటే మాత్రం డబ్బు ఇవ్వకండి.